వెనక అట్ట మీది అబద్ధం

మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసి ఆ ఆదివారానికి మూడు రోజులు.

మాట్లాడటం లేదంటే ఇల్లు మూగబోయిందని కాదు. మాటలన్నీ మా అమ్మాయి మీదుగా వస్తున్నాయి. మీ నాన్నని స్నానానికి లెమ్మను. మీ నాన్నకి ఇంకాస్త అన్నం కావాలేమో కనుక్కో. నేను రెండడుగుల దూరంలోనే ఉంటాను. అమ్మాయి ఒకసారి ఆవిడ వంక, ఒకసారి నా వంక చూసి, "విన్నావుగా నాన్నా" అంటుంది. అంతటితో సరి.

ముందుగదిలో గోడవారగా నా పుస్తకాలున్నాయి. మూడు వందలు, పన్నెండు కట్టలు. గురువారం మధ్యాహ్నం వాటిని ప్రెస్సు నుంచి తెచ్చి దింపినప్పుడు ఆవిడే నేల తుడిచి పాత చాప పరిచింది. పై కట్ట విప్పి ఒక పుస్తకం తీసింది. ముందు అట్ట చూసి బొమ్మ బావుందంది. వీపు మీద ఇళ్ళూ వీధులూ మోస్తూ నిద్రపోతున్న పెద్ద మృగం బొమ్మ. తర్వాత తిప్పి, వెనక అట్ట చదివింది.

చదివాక పుస్తకాన్ని తీసిన చోటే పెట్టి, కట్టకి మళ్ళీ తాడు చుట్టింది. ముడి వేస్తూ, తలెత్తకుండా అడిగింది.

"మీరెప్పుడు చెప్పారు?"

ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అదే.

వెనక అట్ట మీద ఉన్నది ఇది:

*నిద్రపోతున్న మహామృగం వీపు మీద కట్టిన నగరం. అక్కడ పుట్టే ప్రతి మనిషికీ ఇన్ని అడుగులని లెక్క. లెక్క అయిపోతే నిలబడ్డ చోటే రాతిబొమ్మైపోతాడు. అందుకే ఎవరూ ఊరికే నడవరు. ఒకనాడు మృగం కదిలింది. దాని చెవి దాకా నడిచి వెళ్ళి మళ్ళీ నిద్రపుచ్చాలి. అన్ని అడుగులు మిగిలినది నగరం మొత్తానికి ఒక్కరికే. పుట్టాక మంచం దిగని ఒక చిన్నపిల్లకి.*

*కాలు విరిగి ఎనిమిది నెలలు మంచం పట్టిన కూతురికి, పక్కన కూర్చుని, ఒక తండ్రి రోజుకింత చొప్పున చెప్పిన కథ. ఆ తండ్రే ఈ రచయిత.*

పైనున్నదంతా నిజం. నగరం గురించి నిజమన్న మాట ఎంతవరకు చెల్లుతుందో అంతవరకు. కిందున్న రెండు ముక్కలూ అబద్ధం.

కథ చెప్పింది మా ఆవిడ. పద్నాలుగేళ్ళ కిందట. అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. తొడ నుంచి చీలమండ దాకా పిండికట్టు. సాయంత్రం ఆరింటికి కుట్టుమిషన్ ఆపి, కాజాలు కుట్టాల్సిన జాకెట్లు ఒళ్ళో వేసుకుని మంచం పక్కన కూర్చునేది. "నువ్వు ఊరికే పడుకుని లేవే, అడుగులు దాచుకుంటున్నావు" అని మొదలుపెట్టింది మొదటిరోజు. అప్పటిదాకా గోడవైపు తిరిగి ఏడుస్తున్న పిల్ల ఇటు తిరిగింది.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేను గుమ్మం బయట తెర వెనక నిలబడి విన్నాను. ఎనిమిది నెలలూ. లోపలికి వెళ్ళలేదు.

ఆ కథ నేను రాస్తున్నానని మా ఆవిడకి మొదటి నుంచీ తెలుసు. కాదనలేదు. నా నోట్లోనే ఉండిపోతే ఎవరికేం లాభం, రాయండి అంది. రాసిందంతా అమ్మాయే తను పనిచేసే కంప్యూటర్ సెంటర్లో టైపు చేసిపెట్టింది. కథ తీసుకున్నందుకు ఆవిడకి బాధ లేదు. మంచం పక్కన కుర్చీ తీసుకున్నందుకు బాధ.

అట్ట మా ఇంటికి రాలేదు. అది మా ప్రెస్సు ఓనరుగారి చేతిలో తయారైంది. రంగుల్లో వేయాలి కాబట్టి ఇంకెవరివో పెళ్ళికార్డులతో కలిపి వేరేచోట అచ్చు వేయించారు. అంతకుముందు నన్ను పిలిచి కూర్చోమన్నారు. ముప్ఫై ఏళ్ళుగా పనిచేస్తున్నాను ఆయన దగ్గర. కుర్చీ చూపించడం అదే మొదలు.

"నువ్విక్కడ ఎన్ని పుస్తకాలు కుట్టావో నీకే తెలీదు. వెనక అట్ట తిప్పకుండా పుస్తకం తీసుకున్నవాణ్ణి చూశావా ఎక్కడన్నా? మృగం, నగరం, అంతా బావుంది. ఇలాంటివి ఇంకో పది వస్తాయి. ఇది ఎవరు ఎవరికి చెప్పిన కథ? అది కావాలి జనానికి."

అమ్మాయి మంచంలో ఉన్నప్పుడు చెప్పిన కథ అన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. నువ్వేనా చెప్పింది అన్నారు.

నేను తల ఊపాను.

ఆ తల ఎందుకూపానో ఈ మూడు రోజుల్లో వందసార్లు నన్ను నేనే అడిగాను. ఏడో తరగతిలో బడి మానిపించి మా నాన్న నన్ను ఈ ప్రెస్సులో వదిలేసి వెళ్ళాడు. అప్పట్నించీ ఎందరో పెద్దమనుషుల పుస్తకాలు నా చేతుల్లో మడతలు పడ్డాయి. మడిచిన ఫారం తిరగబడి పేజీలు తారుమారైతే నన్ను తిట్టారు. బావుంటే వాళ్ళే బావున్నారు. బంక మరకలున్న చేతితో కలపడానికి చెయ్యి చాపినవాడు ఒక్కడూ లేడు. ఒక్క పుస్తకమైనా, ఒక్క వెనక అట్ట మీదైనా, నేను మంచివాణ్ణిగా కనపడాలనిపించింది. ఇది సంజాయిషీ కాదు. దొంగతనానికి ఆకలి కారణం చెప్పినట్టుంటుందంతే.

శుక్రవారం ప్రెస్సుకెళ్ళి ఓనరుగారిని అడిగాను. తప్పొప్పుల చీటీ వేద్దామండీ, వెనక అట్ట మీద, నేనే మూడు వందలూ అతికిస్తాను అని. అచ్చుతప్పులు దొరికినప్పుడు మేము చేసే పనే అది. కాగితం సన్నగా కత్తిరించి, బంక రాసి, తప్పు మీద పడేలా అద్దుతాం. చూసేవాడికి తెలియకుండా అద్దడంలో నాకు పేరుంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అచ్చు తప్పయితే చీటీ వేస్తాం. మనిషి తప్పయితే ఎక్కడ వేస్తాం? ఆదివారం నాలుగింటికి లైబ్రరీలో పాతికమందిని పిలిచాను. వచ్చి నీ నవల గురించి నాలుగు ముక్కలు చెప్పు. అట్ట మీద ఏముందో అదే చెప్పు, చాలు."

ఇక్కడొక సంగతి రాయాలి. ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు.

అమ్మాయి కాలు ఎలా విరిగిందంటే, ప్రెస్సులో కాగితం కట్టల మీదికి ఎక్కొద్దంటే ఎక్కింది, కట్టలు జారాయి. అందరికీ తెలిసిన మాట అది. మొదట ఆ మాట అన్నది నేను.

ఆ రోజు మా ఆవిడ ఊళ్ళో లేదు. పిల్లని పనికి తీసుకెళ్ళాను. అది మిషన్ల మధ్య పరిగెడుతుంటే విసుగొచ్చి, చంకల కింద పట్టి ఎత్తి, నా తల కంటే ఎత్తున్న కట్టల మీద కూర్చోబెట్టాను. కత్తిరించగా మిగిలిన రంగుకాగితం చేతిలో పెట్టి కదలకు అన్నాను. అది కదల్లేదు. పాపం, అస్సలు కదల్లేదు.

గంట తర్వాత అర్జంటుగా ఒక కట్ట కావలసి వచ్చింది. పైవన్నీ దింపి తీయాలి. అలా ఎవరూ తీయరు మా దగ్గర. మోకాలు ఆనించి, నడిమి కట్టని ఒక్క ఊపున లాగేస్తాం. పైవి దబ్బున కిందికి దిగి సర్దుకుంటాయి. వేలసార్లు లాగాను. పైన ఎవరున్నారో మర్చిపోయి లాగాను.

ఆస్పత్రికి మా ఆవిడ పరిగెత్తుకొచ్చి, ఎలా జరిగిందని నా చొక్కా పట్టుకుంది. నా నోరు నాకంటే ముందు మాట్లాడేసింది. ఎక్కొద్దంటే ఎక్కింది. బల్ల మీద పడుకునున్న పిల్ల నా వంక చూసింది. ఏమీ అనలేదు.

అప్పట్నించి మా ఇంట్లో ఆ పిల్ల ఒక పీట ఎక్కినా, "ఒకసారి ఎక్కింది చాలదా" అంటుంది వాళ్ళమ్మ. మొన్న కూడా అంది. ఇరవై ఏళ్ళ పిల్ల బల్బు మార్చబోతుంటే.

అందుకే తెర వెనక నిలబడ్డాను. లోపలికెళితే పిల్ల మళ్ళీ అలా చూస్తుందని.

ఆదివారం రెండింటికి నా చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పరిచి ఉంది. "చొక్కా అక్కడుందని మీ నాన్నకి చెప్పు" అని వంటింట్లోంచి వినిపించింది. తిట్టినా బావుండును.

నేను అమ్మాయిని మధ్యలో పెట్టకుండా నేరుగా అడిగాను. "నువ్వూ రారాదూ."

కొంచెంసేపు నీళ్ళ చప్పుడు ఆగింది. "రేపటికి మూడు జాకెట్లు ఇవ్వాలని చెప్పవే" అంది అమ్మాయితో.

లైబ్రరీ హాల్లో పాతికమంది అన్నారు గానీ పంతొమ్మిది మందే ఉన్నారు, నేను లెక్కపెట్టాను. అందులో ఇద్దరు ఫ్యాను కింద పేపరు చదువుకుంటున్నవాళ్ళు. లేపి పంపలేక లైబ్రేరియన్ గారు వాళ్ళనీ శ్రోతల్లో కలిపేశారు. అమ్మాయి రెండో వరసలో కూర్చుంది. ఓనరుగారు నన్ను మా ప్రెస్సు ఆణిముత్యం అని పరిచయం చేశారు. జీతం పెంచమన్నప్పుడు ఆ ముత్యం ఆయనకెప్పుడూ కనపడలేదు.

లేచి నిలబడ్డాను. నగరం గురించి మొదలుపెట్టాను.

మొదలుపెడితే అదే వచ్చింది. ఆ నగరంలో ఎదురెదురు ఇళ్ళలో ఉండి ఒకరినొకరు ప్రేమించుకున్న ఇద్దరు ముసలైపోయేదాకా వీధి దాటలేదని చెప్పాను. దాటితే నలభై అడుగులు ఖర్చు. అక్కడ పిల్లలు బడికి ఆలస్యమైతే టీచర్లు కొట్టరు, పొదుపరివిరా అని మెచ్చుకుంటారు. ఉత్తరాలు పంచేవాడు కనపడితే అందరూ టోపీ తీస్తారు, వాడు ఒక్కో ఉత్తరానికీ తన ప్రాణం కొంచెం ఇస్తున్నాడు కాబట్టి. జనం నవ్వారు. పేపరు చదివేవాళ్ళలో ఒకాయన పేపరు మడిచాడు.

మంచం మీది పిల్ల దగ్గరికి వచ్చేసరికి హాల్లో చప్పుడు లేదు. కాళ్ళు లేనిదని అందరూ జాలిపడ్డ పిల్ల దగ్గరే అందరికంటే ఎక్కువ అడుగులున్నాయని చెప్పాను.

అప్పుడే చూశాను. ఆఖరి వరసలో, తలుపు పక్క కుర్చీలో మా ఆవిడ. ఒళ్ళో కుట్టుసంచీ. ఎప్పుడొచ్చిందో.

ముందు వరసలో ఒక రిటైరైన టీచరమ్మ లేచి, పుస్తకం వెనక్కి తిప్పి పట్టుకుని అడిగింది. "ఇది చదివే వచ్చానండీ నేను. రోజంతా పనిచేసి వచ్చి, ఎనిమిది నెలలు బిడ్డ పక్కన కూర్చుని చెప్పారంటే మాటలు కాదు. ఆ రోజుల గురించి కాస్త చెప్పండి."

ఓనరుగారు నన్ను చూసి తల ఊపారు. అట్ట మీద ఏముందో అదే చెప్పు అన్నట్టు.

నా చెయ్యి బల్ల మీద బంక మరకని గోకుతోంది. అక్కడ మరక లేదు.

"నేను చెప్పలేదండీ. మా ఆవిడ చెప్పింది. అదిగో, వెనక కూర్చుంది. నేను బయట నిలబడి విన్నానంతే. అట్ట మీదున్నది అబద్ధం."

ఓనరుగారు దగ్గారు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. టీచరమ్మ చప్పట్లు కొట్టింది, అందరూ కొట్టారు. ఎంత నిజాయితీ అని ఎవరో అన్నారు. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. సిగ్గులేకుండా ఆ తేలికని నేను అనుభవించాను కూడా.

మూడు రోజులుగా నా వంక చూడని మా ఆవిడ నన్ను చూస్తోంది. ఆ ముఖంలో మెప్పు లేదు. ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టుంది.

పిల్లల పుస్తకాల అలమర దగ్గర నేల మీద కూర్చున్న ఒక చిన్నపిల్ల చెయ్యెత్తింది. పుస్తకం అప్పుడే కొంత చదివేసినట్టుంది. "ఆ పిల్ల గుమ్మం బయట ఒక భూతం ఉంటుంది కదండీ. అదెందుకు లోపలికి రాదు?"

గుమ్మం భూతం. మా ఆవిడ కథలో అది ఉండేది. రోజూ వచ్చి గుమ్మం బయట నిలబడుతుంది, లోపలికి రాదు. నాకు దాన్నేం చేయాలో తోచక పిరికిదాన్ని చేశాను, చదివేవాళ్ళు నవ్వుకోవడానికి. పన్నెండో అధ్యాయంలో రాయిని చేసేశాను. మా ఆవిడ దానికి ఏ ముగింపు చెప్పిందో నేను వినలేదు. పిండికట్టు కోసేసి, కథ ముగించిన రోజు నేను కావాలని రెండు షిఫ్టులు చేశాను.

"ఏముందమ్మా, అది ఉత్త పిరికిది" అన్నాను. "నవ్వుకోవడానికి పెట్టాను."

ఎవరూ నవ్వలేదు. నేను తలెత్తి చూసేసరికి తలుపు పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

ఇంటికి అమ్మాయీ నేనూ నడిచి వచ్చాం. ఎండ తగ్గింది. అమ్మాయి ఎడమకాలు ఇప్పటికీ కొంచెం ఆలస్యంగా పడుతుంది. ఇరవై ఏళ్ళ పిల్ల పక్కన నడుస్తూ నేను ఇంకా ఆ ఆలస్యాన్నే వింటాను.

అమ్మ ఎందుకు లేచి వెళ్ళిపోయింది, నిజం చెప్పాను కదా అన్నాను.

"సగం చెప్పావు నాన్నా."

నేను నడక తగ్గించాను.

"మన తెర నేల దాకా ఉండదు. జానెడు ఎత్తులో ఆగిపోతుంది. నీకు తెలుసుగా?"

"తెలుసు."

"నా మంచం నుంచి చూస్తే నీ పాదాలు కనపడేవి. రోజూ. ఆరింటికి వచ్చి నిలబడేవి. ఒకరోజు అమ్మనడిగాను, నాన్న లోపలికెందుకు రాడని. అమ్మ ఏం చెప్పాలో తెలియక, అది నాన్న కాదే, గుమ్మం భూతం అంది."

వీధి మలుపులో సోడాబండివాడు మమ్మల్ని తప్పుకోమన్నాడు. తప్పుకున్నాను. రెండు వందల ముప్ఫై పేజీలు రాశాను. ఎనిమిది అధ్యాయాల్లో ఆ భూతాన్ని వెక్కిరించాను. అదెవరో నాకు తట్టలేదు.

టైపు చేసేటప్పుడే చెప్పొచ్చు కదా అన్నాను.

"నువ్వే అడుగుతావని చూశాను. అడగలేదు. రాయిని చేసేశావు." అంది అమ్మాయి. "అమ్మ చెప్పిన ముగింపులో అది రాయి అవదు. చేసిన తప్పు తన నోటితో చెబితే గడప దాటొచ్చు. అంతవరకు దాటడానికి లేదు. అదీ షరతు."

"మీ అమ్మకి ఆ షరతు ఎలా తోచింది?"

అమ్మాయి నడవడం ఆపింది. ఎడమకాలు ఆలస్యంగా వచ్చి కుడికాలి పక్కన చేరింది.

"అమ్మకి తోచలేదు నాన్నా. ఆ ముక్క నేను చెప్పాను. అమ్మ నా ముచ్చట కోసం కథలో కలిపింది. ఎందుకు చెప్పానో అమ్మకి ఇప్పటికీ తెలీదు."

ఆరేళ్ళ పిల్ల. కదలకు అంటే కదలకుండా కూర్చుంది. చెప్పకు అని నేను అననేలేదు, అయినా పద్నాలుగేళ్ళు చెప్పకుండా కూర్చుంది.

ఇల్లు చేరేసరికి లోపల మిషన్ ఆడుతోంది. అమ్మాయి తెర తప్పించుకుని లోపలికి వెళ్ళింది. తెర మళ్ళీ వచ్చి పడింది. నేను చెప్పులు విడిచి గుమ్మం బయట నిలబడ్డాను. ఎక్కడ నిలబడాలో నా కాళ్ళకి తెలుసు. అక్కడ నేల నున్నగా అరిగి ఉంది.

మిషన్ ఆగితే చెబుదామనుకున్నాను. అది ఆగలేదు. అది ఆగేదాకా చూస్తే ఇంకో పద్నాలుగేళ్ళు పడుతుంది.

"ఆ రోజు అమ్మాయి ఎక్కలేదు" అన్నాను. "నేనే ఎత్తి కూర్చోబెట్టాను. కదలకు అన్నాను, కదల్లేదు. నడిమి కట్ట లాగిందీ నేనే. పైన ఉందని మర్చిపోయాను. ఎక్కింది అని నీకు అబద్ధం చెప్పాను."

మిషన్ ఆగింది. చక్రం వదులుగా ఇంకో రెండు చుట్లు తిరిగి అదీ ఆగింది.

మా ఆవిడ గొంతు వినపడింది. మెల్లగా, అలవాటు ప్రకారం అమ్మాయి మీదుగానే.

"మీ నాన్న ఏమన్నారో ఇంకోసారి చెప్పమను."

"నేను చెప్పనమ్మా" అంది అమ్మాయి. "ఈసారి నువ్వే అడుగు."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. పీట ఎక్కినా, స్టూలు ఎక్కినా ఆ పిల్లని పద్నాలుగేళ్ళు తిట్టిన మనిషి లేచి నడిచి వస్తోంది. నాలుగడుగులు. లెక్కపెట్టాను.

తెర కింద, నా పాదాలకి ఎదురుగా, ఆమె పాదాలు వచ్చి ఆగాయి. బొటనవేలికి ఎర్రదారం పోగు ఒకటి అంటుకుని ఉంది.

తెర మాత్రం కదల్లేదు.